బేగాయిమ్ సంచిలో తెల్ల ఉన్ని

ఆ ఏడు మేం మేతకొండ ఎక్కేసరికి మంచు ఇంకా గుట్టల నీడన నక్కి ఉంది. సారీ-బెల్ అనే ఆ మేతకొండ మీద ఎప్పుడూ పడేవి ఏడు గుడారాలే. ఆ ఏడు ఎనిమిదోది పడింది. దాంతోపాటు లారీలోంచి ఒక పెట్టె, రెండు పొట్టి బల్లలు, కెంజెగుల్ అనే పిల్లా దిగారు. పిల్ల అంటే ఇరవై నాలుగేళ్లది, పంతులమ్మ. గొర్రెలు కాసేవాళ్ల పిల్లలు మూడు నెలలు కొండ మీద ఊరికే తిరుగుతున్నారని, వాళ్లకి బాలబడి పెట్టమని పైవాళ్లు పంపారట.

"దీనికే ఇంకా ఎవరైనా ముక్కు తుడవాలి, ఇది పిల్లలకేం చెబుతుంది" అంది మా పక్క గుడారం సోనున్ వదిన.

నవ్వాను గానీ, నా చేతులు ఊరుకోవు కదా. మొదటి రోజు నీళ్లు మోసిచ్చాను. రెండోరోజు పిడకలేసి పొయ్యి వెలిగించాను. మూడోరోజుకి ఆ బడికి నేనే ఆయానైపోయాను. మా మనవరాలు బేగాయిమ్ కూడా ఆ బడికే వచ్చేది. దానికప్పుడు ఐదున్నరేళ్లు. నా కొడుకు మెదెర్‌కీ కోడలు బురుల్‌కీ అదొక్కతే.

నాలుగోరోజున కెంజెగుల్ నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, కంబళి ముక్కలతో పదకొండు చిన్న సంచులు కుట్టిపెడతారా?" అంది. కుట్టాను. ఒక్కో సంచి మీద ఒక్కో గుర్తు వేశాను, పిల్లలకి అక్షరాలు రావు కాబట్టి. డేగ, చేప, చంద్రవంక, ఇలాగ. బేగాయిమ్ కొండమేక కొమ్ము కావాలంది. ఆ సంచులన్నీ బడి గుడారం లోపల వరుసగా వేలాడదీశాం.

వాటి కింద ఒక పళ్లెం. పళ్లెంలో నాలుగు రంగుల ఉన్ని తునకలు. పొద్దున రాగానే ప్రతి పిల్లా ఒక తునక తీసి తన సంచిలో వేసుకోవాలి. మనసు బాగుంటే తెల్లది. కోపంగా ఉంటే ఎర్రది. దిగులుగా ఉంటే నీలం. భయంగా ఉంటే నల్లది. వేసి, చేతులు కడుక్కోవడానికి వాగుకి పోవాలి. వచ్చి టీ తాగాక కెంజెగుల్ సంచులు చూసుకుంటూ వెళ్లి, ఎవరితో ఏం మాట్లాడాలో అది మాట్లాడుతుంది. ఒకసారి ఒంటె బొమ్మను చేతికి తొడుక్కుని అది ఏడుస్తున్నట్టు ఆడించింది.

"ఒంటె ఎందుకు ఏడుస్తోంది?"

"వాళ్ల నాన్న సంతలో అమ్మేస్తానన్నాడు" అన్నాడొక బుడతడు.

"మరి ఏం చెబుదాం ఒంటెకి?"

"గట్టిగా తన్నమని చెప్పు" అంది ఇంకొకత్తె. అందరూ పడీపడీ నవ్వారు. కెంజెగుల్ కూడా నవ్వి, తన్నితే ఒంటెకి భయం పోతుందా అని అడిగింది. పిల్లలు ఆలోచనలో పడ్డారు. అంతంత చిన్నవాళ్లు అలా కూర్చుని ఒకళ్ల భయం గురించి ఒకళ్లు ఆలోచించడం నా బతుకులో అదే మొదటిసారి చూడటం.

మా దగ్గర చెడ్డదాన్ని పేరుపెట్టి పిలవరు. తోడేలును తోడేలనరు, తోకవాడంటారు. కోడలైనది అత్తింటి పెద్దల పేర్లు పలకదు. మా మామగారి పేరులో రాయి ఉందని, ఆయన పోయేదాకా నేను రాయిని "గట్టిది" అన్నాను. అలాంటిదాన్ని. ఈ పిల్లేమో ఐదేళ్లవాళ్లచేత భయం, భయం అనిపిస్తోంది.

"పేరెత్తితే వచ్చి కూర్చుంటుంది అనిపా వదినా, నాకిది నచ్చలేదు" అంది సోనున్.

మా ఇంట్లో అది ఎప్పుడో వచ్చి కూర్చుంది.

మెదెర్ చెడ్డవాడని మీరు చూస్తే అనరు. సారీ-బెల్‌లో వాడంత నవ్వించేవాడు లేడు. ఎవరి గుర్రం తప్పిపోయినా వాడే వెతికి తెచ్చేవాడు. కానీ బేగాయిమ్ ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోయేది, వాడి గుర్రం గుడారం ముందు ఆగినప్పుడు. బొమ్మ చేతిలోనే ఉండేది, తల మాత్రం పక్కకి వంచి వినేది. వాడు జీను మెల్లగా దించితే ఆట మళ్లీ సాగేది. నేలకేసి కొడితే, చప్పుడు చేయకుండా లేచి, వెనక తెర ఎత్తి పోయి కుక్క పక్కన కూర్చునేది. కుక్క కూడా అప్పటికే దూరంగా జరిగి ఉండేది.

జూన్ చివర్లో బురుల్ ఎండలో కూడా తలగుడ్డ కనుబొమల దాకా లాక్కుని పాలు పితకడం మొదలెట్టింది.

"ఏమైందే?" అన్నాను.

"గుర్రం తన్నింది అత్తమ్మా."

"ఏ గుర్రం?"

బురుల్ నావైపు చూసింది. "మిమ్మల్ని తన్నినదే" అంది.

మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నా ఎడమచెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. మెదెర్‌కి ఏడేళ్లున్నప్పుడు వాడూ ఇలాగే తల వంచి జీను చప్పుడు వినేవాడు. ఒకసారి నా కొంగు పట్టుకుని వణుకుతుంటే, "మగపిల్లాడివి, భయమేంట్రా, నోర్మూసుకో" అని నేనే దులపరించాను. వాడు నోరు మూసుకున్నాడు. ఇరవై ఏళ్లు మూసుకున్నాడు.

జూలై మొదట్లో కెంజెగుల్ నన్ను పక్కకి పిలిచింది.

"పెద్దమ్మా, బేగాయిమ్ వరసగా నాలుగు రోజులనుంచి నల్లదే వేస్తోంది. అడిగితే చెప్పడం లేదు. ఇంట్లో ఏదైనా..."

"కుక్కంటే భయం దానికి" అన్నాను.

"నిన్న కుక్క మెడ కౌగిలించుకుని పడుకుంది కదండీ."

"అది మా కుక్క. దానికి భయం పక్కవాళ్ల కుక్కతో."

ఆ పిల్ల నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలిసింది. "ఇంకో రెండు రోజులు చూసి బురుల్ వదినతో మాట్లాడతాను" అంది. బురుల్‌తో మాట్లాడితే బురుల్ చెబుతుంది. చెబితే అందరికీ తెలుస్తుంది. తెలిస్తే వాడికి తెలుస్తుంది. వాడికి తెలిస్తే ఆ జీను ఎలా పడుతుందో నాకు తెలుసు. ఇంటి చెత్త ఇంటి పొయ్యిలోనే కాలాలి, గాలికి వదలకూడదు. నేను పెరిగింది ఆ మాట మీదే.

మర్నాడు పిల్లలందరూ వాగుకి పోయారు, వెంట కెంజెగుల్ పోయింది. టీ పోస్తూ నేనొక్కదాన్నే గుడారంలో ఉన్నాను. కొండమేక కొమ్ము సంచిలో చెయ్యి పెట్టాను. నల్లది. తీసి పొయ్యిలో వేశాను, తెల్లది పెట్టాను. ఉన్ని కాలితే ఎంత కంపు కొడుతుందో ఆరోజే తెలిసింది. తర్వాతి రోజునుంచి కాల్చలేదు, జేబులో వేసుకున్నాను.

కెంజెగుల్ తెల్లది చూసి బేగాయిమ్ తల నిమిరింది. "ఈరోజు మనసు బాగుందన్నమాట." బేగాయిమ్ ఆమెనూ, సంచినీ, నన్నూ చూసింది. నేను రొట్టె విరుస్తున్నట్టు నటించాను.

రోజూ అదే పని. నీళ్లు మోయడం, పొయ్యి వెలిగించడం, టీ పోయడం, నల్లది తీసి తెల్లది పెట్టడం. వారం తిరిగేసరికి చెయ్యి దానంతటదే పోయేది. కెంజెగుల్ మళ్లీ అడగలేదు. నాకు హాయిగా ఉందనే అనుకున్నాను.

జూలై నడిమధ్య ఒక పూట మెదెర్ బడికొచ్చాడు, చేతిలో గుర్రప్పాల కుండతో. పిల్లలందరికీ తలా గుక్కెడు పోశాడు. ఒంటె బొమ్మ తొడుక్కుని ఎగిరించాడు. పిల్లలు నేలమీద పడి దొర్లి నవ్వారు. బేగాయిమ్ కూడా నవ్వింది, అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

వెళ్లబోతూ గుడారం తాళ్లు చూశాడు. ఒకటి వదులుగా ఉంటే మళ్లీ బిగించి కట్టాడు.

"చెల్లెమ్మా, ఇక్కడ గాలి చెడ్డది" అన్నాడు నవ్వుతూనే. "ఒక్క తాడు వదిలినా గుడారం నిలవదు. నువ్వు పిల్లలకి ఇంట్లో మాటలు బయట చెప్పడం నేర్పుతున్నావటగా."

"మనసులో మాట చెప్పడం నేర్పుతున్నాను అన్నా" అంది కెంజెగుల్.

"అదే. మంచిదే." సంచుల వరుస వైపు చూశాడు. "మా పిల్లది ఏది?"

ఆమె కొండమేక కొమ్ము చూపించింది. వాడు రెండు వేళ్లు పెట్టి తీశాడు. తెల్లది. అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్లీ జాగ్రత్తగా లోపల పెట్టాడు. నన్ను చూసి కన్ను గీటాడు. చిన్నప్పుడు దొంగతనంగా పంచదార తిన్నప్పుడు ఇలాగే కన్ను గీటేవాడు. ఆ రోజు నేను మార్చడం ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో, అదే తలుచుకుంటూ కూర్చున్నాను సాయంత్రం దాకా. మార్చకపోతే అసలు ఏమయ్యేదో మాత్రం తలుచుకోలేదు.

ఆగస్టు పది దాటాక ఒకరోజు తెల్లవారి లేచేసరికి గడ్డి మీద మంచు. అంత తొందరగా నేనెప్పుడూ చూడలేదు. గొర్రెలు గుంపుగా ముడుచుకుని అరవకుండా నిలబడ్డాయి. ఆ పూటే టీ దగ్గర మెదెర్ చెప్పాడు.

"ఈసారి ఊళ్లోకి దిగం. కనుమ అవతలి చలికాలపు కొట్టాలు నాకిచ్చారు. అందరి మందలూ నేనే చూస్తాను. నేను, బురుల్, పిల్ల. ఇటునుంచి ఇటే పోతాం. అమ్మా, నువ్వు లారీలో ఊరికి దిగు, నీకక్కడ చలి ఆగదు."

"అక్కడ ఇంకెవరుంటారు?" అన్నాను.

"ఎవరుంటారు? మేమే."

కనుమ అక్టోబరులో మంచుతో మూసుకుంటే మళ్లీ మేలోనే తెరుచుకునేది. ఏడు నెలలు. బురుల్ టీ గిన్నె నాకందించింది. నిండుగా పోసింది, అంచు దాకా. మా దగ్గర అతిథికి గిన్నె నిండా పోస్తే ఇక లేచి వెళ్లమని అర్థం. ఇంట్లోవాళ్లకి అలా పోయరు. బురుల్ పొరపాటున పోసిందో, తెలిసే పోసిందో, నేను అడగలేదు. బేగాయిమ్ తల వంచి వింటోంది, జీనెవరూ దించకపోయినా.

ఆ మర్నాడు పొద్దున్నే బడికి పోయాను. పిల్లలు వచ్చారు, ఉన్ని వేశారు, వాగుకి పోయారు. నేను కొండమేక కొమ్ము సంచిలో చెయ్యి పెట్టాను.

తెల్లది ఉంది.

ఇంకో సంచేమోనని గుర్తు చూశాను. అదే. వెనక్కి తిరిగితే తెర దగ్గర బేగాయిమ్ నిలబడి ఉంది, చేతులు ఇంకా కడుక్కోలేదు.

"నేనే పెట్టేశాను నానమ్మా" అంది. "రోజూ నీకెందుకు పని."

గొంతులో ఏ కోపమూ లేదు. నా నడుం నొప్పని నీళ్ల చెంబు అందించేటప్పుడు ఎలా అంటుందో అలాగే అంది. అని వాగు వైపు పరిగెత్తింది. టీ పొంగి పొయ్యి మీద పడేదాకా నేనక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత పదిహేను రోజులూ అది తెల్లదే వేసింది. కెంజెగుల్ ముఖంలో ముఖం పెట్టి, "నిజంగా బాగుందా?" అంటే నవ్వి తలూపేది. అచ్చం వాళ్ల నాన్న నవ్వు. చివరి రోజు తల్లిదండ్రులందర్నీ పిలిచి కూర్చోబెడితే, పిల్లలు ఒక్కొక్కళ్లే లేచి ఒక మాట చెప్పారు. ఒకడు చీకటంటే భయమని చెప్పాడు, వాళ్లమ్మ ముద్దు పెట్టుకుంది. ఒకత్తె తమ్ముడి మీద కోపమంది. బేగాయిమ్ లేచి, "మా ఇంట్లో అందరం బాగుంటాం. నాకేం భయం లేదు" అంది. మెదెర్ చప్పట్లు కొట్టాడు.

"చూశారా, మా పిల్ల మగాడి లెక్క."

కెంజెగుల్ చప్పట్లు కొట్టలేదు. నన్నే చూస్తోంది.

గుడారాలు విప్పిన రోజు ఆకాశం కనుమ మీద నల్లగా దిగింది. లారీ ఊరికి పోయేవాళ్ల సామాను ఎక్కించుకుంటోంది. ఇటు మెదెర్ రెండు గుర్రాలకి మూటలు కట్టేశాడు. బురుల్‌ని మూడో గుర్రం ఎక్కించి, ఆమె ముందు బేగాయిమ్‌ని కూర్చోబెట్టాడు. బయల్దేరేముందు ఇంటి పెద్ద రెండు చేతులూ చాపి దీవెన చెప్పాలి. అది లేకుండా మా దగ్గర ఏ గుర్రమూ అడుగు వేయదు. మా ఇంటికి పెద్దను నేనే. అందరూ చుట్టూ చేరారు. అరచేతులు పైకి తెరిచి ఎదురు చూస్తున్నారు.

నా చేతులు కొంగు కిందే ఉన్నాయి.

"అమ్మా, కానియ్యి" అన్నాడు మెదెర్. "వెలుతురుండగా కనుమ దాటాలి."

"కోడలూ పిల్లా నాతో ఊరికి దిగుతారు. నువ్వొక్కడివే పో. అప్పుడు దీవిస్తాను."

వాడు నవ్వాడు. "అమ్మకి కొండగాలి తలకెక్కింది."

ఓసోర్ పెద్దాయన, మా గుంపులోకెల్లా ముసలాయన, గడ్డం సవరించుకున్నాడు. "ప్రయాణం ముందు ఇదేం మాట, అనిపా? నీకు చేతకాకపోతే నేనిస్తాను దీవెన." ఆయన చేతులు లేస్తున్నాయి.

"వీడు నా కోడల్ని కొడతాడు పెద్దాయనా" అన్నాను.

కొందరు గుర్రాల వైపు చూశారు, కొందరు మబ్బు వైపు. అందరికీ తెలుసన్నది అప్పుడే నాకు అర్థమైంది.

మెదెర్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది. మెల్లగా గుర్రం దగ్గరికి పోయి బేగాయిమ్ మోకాలు మీద చెయ్యి వేశాడు. "తల్లీ, నువ్వు చెప్పు అందరికీ. నాన్నంటే నీకు భయమా?"

అది నావైపు చూసింది. ఏ జవాబు చెప్పాలో నా ముఖంలో వెతికింది. దొరికిందనుకుంది.

"లేదు" అంది. నవ్వింది కూడా.

"విన్నారుగా" అన్నాడు మెదెర్. ఓసోర్ పెద్దాయన ఊపిరి వదిలి అరచేతులు తెరిచాడు.

"ఆ మాట నేను నేర్పింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "వేసవంతా ఇది నల్ల ఉన్ని వేసింది. రోజూ నేను తీసి తెల్లది పెట్టాను, మా ఇంటి పరువని. అది చూసి పిల్ల నేర్చుకుంది. కెంజెగుల్, నీకు అబద్ధం చెప్పింది పిల్ల కాదమ్మా. నేను." జేబులోంచి తీసి చూపించాను. గుప్పెడుంది. "వీడి చిన్నప్పుడూ ఇదే నేర్పాను. అందుకే ఇలా అయ్యాడు. ఇప్పుడు దీన్ని ఏడు నెలలు మంచులో వీడికప్పజెప్పి దీవించమంటున్నారు. నా నోరు రాదు."

సోనున్ వదిన తలగుడ్డ నోటికడ్డం పెట్టుకుంది. ఓసోర్ పెద్దాయన చేతులు గాల్లో ఉన్నాయి. కాసేపు వాటివైపే చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. తర్వాత దించేశాడు.

అంతే జరిగింది. ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదు. బురుల్ గుర్రం దిగింది. దిగి, బేగాయిమ్‌ని దించింది. తన మూట విప్పుకోవడానికి మెదెర్ పక్కకి పోయి ముడి మీద చెయ్యి వేసింది. వాడు పక్కకి జరిగి చోటిచ్చాడు. అంత మర్యాదగా వాడు దానికెప్పుడూ చోటివ్వలేదు. కెంజెగుల్ వచ్చి మూటకి రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ లారీ వైపు మోసుకుపోయారు.

మెదెర్ తన గుర్రం జీను పట్టీ బిగించాడు. నెమ్మదిగా, ఒక్కో రంధ్రం చూసుకుంటూ. ఎక్కి, బురుల్ వీపు వైపు చూసి, మామూలు గొంతుతో అన్నాడు.

"కనుమ మేలో తెరుచుకుంటుంది."

నావైపు మాత్రం చూడలేదు. మంద కదిలింది. దీవెన లేకుండా పోయిన నా కొడుకు మబ్బులోకి ఎక్కుతుంటే, చేతులు వాటంతటవే లేవబోయాయి. వాటిని అదిమి పట్టుకున్నాను. నేను కన్నవాడే కదా. ఆ బాధ మీకు చెప్పలేను, చెప్పడం నాకెవరూ నేర్పలేదు.

లారీ వెనక సామాను మధ్య కూర్చున్నాం. బురుల్ కెంజెగుల్ భుజం మీద తల పెట్టుకుంది, నిద్రపోయిందో లేదో తెలీదు. బేగాయిమ్ నా పక్కనే ఉన్నా నన్ను ముట్టుకోకుండా కూర్చుంది. ఏడు మలుపులు దాటాం. ఎనిమిదో మలుపులో వాన మొదలైంది. తార్పాలిన్ దాని మీదికి లాగాను.

"నానమ్మా" అంది, బయటికి చూస్తూనే. "నీకు భయం వేసిందా?"

"వేసింది."

"ఇప్పుడు?"

లేదని చెప్పడం ఎంత తేలికో. అరవై ఏళ్లుగా చెబుతున్న మాట.

"ఇప్పుడూ వేస్తోంది" అన్నాను.

లారీ గుంతలో పడి లేచింది. అప్పుడది జరిగి నాకు ఆనుకుంది.

"నాకూ" అంది.

భయమెందుకే పిచ్చిదానా, నేను లేనూ అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కనుమ తెరుచుకునే మే నెలకి ఇంకా ఎనిమిది నెలలుంది.